ముక్కుకు కొత్త తీరు: ఆశించదగినదెంత? చెల్లించవలసినదెంత?

పుదుచ్చేరి: పెళ్లిచూపులలో పెద్దల దృష్టి ముందుగా పడేది కనుముక్కు తీరు మీదనే. కోటేరు ముక్కు అంటే మెప్పు, చప్పిడి ముక్కు అంటే చిన్నచూపు. ముఖం నడుమ ఉన్న ఈ చిన్న అవయవానికి సమాజం ఇచ్చిన ప్రాధాన్యం అటువంటిది. ఒకప్పుడు పుట్టుకతో వచ్చిన ముక్కుతో సరిపెట్టుకోవడం తప్ప గత్యంతరం ఉండేది కాదు. సినీతారలకే పరిమితమనుకున్న ముక్కు సవరణ శస్త్రచికిత్స నేడు మధ్యతరగతి కుటుంబాలలోనూ చర్చకు వస్తున్నది. అంతర్జాతీయ సౌందర్య శస్త్రచికిత్స నిపుణుల సంఘం లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా ఇటువంటి శస్త్రచికిత్సలు సుమారు పది లక్షల మేరకు జరుగుతున్నాయి.

అయితే ఆసుపత్రి గడప తొక్కేవారిలో చాలామందికి తమకు ఏమి జరగబోతున్నదో, ఎన్నాళ్లకు ఫలితం కనిపిస్తుందో, ఖర్చు ఎవరు భరించాలో స్పష్టంగా తెలియదు. ముఖ్యంగా తెలియవలసినది మరొకటి ఉన్నది. ఊపిరి కోసం చేసే శస్త్రచికిత్సకు, అందం కోసం చేసే శస్త్రచికిత్సకు వైద్యంలో తేడా కొద్దిగానే ఉండవచ్చు. కాని పన్ను అధికారి దృష్టిలోను, బీమా సంస్థ దృష్టిలోను ఆ రెంటికీ ఎంతో దూరం. తన ముక్కు ఆ గీతకు ఏ వైపున ఉన్నదో ముందుగా తెలుసుకున్నవారికి జేబు విషయంలోను, మనసు విషయంలోను తరువాత చింత తక్కువ.

గోరిమేడుకు దారి

ఈ తేడాను గమనించడానికి పుదుచ్చేరి తగిన పట్టణం. 1823లో ఫ్రెంచి ప్రభుత్వం ఇక్కడ నెలకొల్పిన వైద్య పాఠశాలకు వారసురాలిగా వచ్చిన జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థ, అంటే అందరికీ తెలిసిన జిప్మర్, పట్టణ శివారులోని గోరిమేడులో ఉన్నది. 2008లో పార్లమెంటు చేసిన చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ప్లాస్టిక్ సర్జరీకి, చెవి ముక్కు గొంతు వైద్యానికి అక్కడ వేర్వేరు విభాగాలు ఉన్నాయి. ప్రమాదాలలో నుజ్జయిన ముఖాలను, పుట్టుకతో వచ్చిన లోపాలను సరిదిద్దడం ప్రభుత్వ ఆసుపత్రులలో ఇటువంటి విభాగాల ప్రధాన కర్తవ్యం. ఇక పట్టణంలోను, చుట్టుపక్కల ప్రైవేటు వైద్య కళాశాలలు, ఆసుపత్రులు కూడా ఉన్నాయి.

గోరిమేడుకు వచ్చేవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉంటారు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన యానాం ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్నది. అక్కడ జిప్మర్ నిర్మించిన 90 పడకల వైద్య విభాగాన్ని 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల వారికి కూడా పుదుచ్చేరి ప్రయాణం కొత్తకాదు.

తెగిన ముక్కుతో మొదలు

ముక్కు శస్త్రచికిత్స అందం కోసం పుట్టినది కాదు, పోయిన పరువును నిలబెట్టడం కోసం పుట్టినది. ముక్కు కోయడం శిక్షగా ఉన్న కాలంలో తెగిన ముక్కును చర్మంతో తిరిగి కట్టే పద్ధతిని సుశ్రుత సంహిత వివరించింది. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి ఎడ్లబండి తోలిన కవాస్‌జీ అనే వ్యక్తి టిప్పు సుల్తాన్ సైన్యానికి చిక్కి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకున్నాడు. పుణె ప్రాంతంలో ఒక దేశీయ వైద్యుడు మైనపు అచ్చు కొలతతో అతని నుదుటి చర్మాన్ని కత్తిరించి, కిందికి మలిచి కొత్త ముక్కు కట్టాడు. 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ ఈ ఉదంతాన్ని ప్రచురించింది. దాన్ని చదివి ప్రేరణ పొందిన జోసెఫ్ కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు 1814లో లండన్‌లో ఆ విధానాన్ని అనుసరించి విజయం సాధించాడు. నుదుటి చర్మంతో ముక్కు కట్టే పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది. ప్రపంచ వైద్యం దానిని భారతీయ పద్ధతిగానే గుర్తిస్తుంది.

ఉన్న ముక్కునే అందంగా తీర్చే ప్రయత్నం ఆ తరువాతి మాట. అమెరికాలో జాన్ ఓర్లాండో రో 1887లో, జర్మనీలో జాక్ జోసెఫ్ 1898లో ఇందుకు బాటలు వేశారు. జోసెఫ్ వద్దకు తొలుత వచ్చిన వ్యక్తి పెద్ద ముక్కు కారణంగా నలుగురిలోకి వెళ్లడానికే సిగ్గుపడిన యువకుడని వైద్య చరిత్ర చెబుతున్నది. పోయిన ముక్కును కట్టడం, ఉన్న ముక్కును దిద్దడం అనే ఈ రెండు పాయలు నేటికీ పక్కపక్కనే సాగుతున్నాయి.

లోపల జరిగేది ఏమిటి?

ముక్కు పైభాగంలో మూడో వంతు మాత్రమే ఎముక. మిగిలినది మృదులాస్థి. రెండు రంధ్రాల నడుమ ఉండే అడ్డుగోడను వాడుకలో ముక్కుదూలం అంటారు. అది వంకరపోతే ఒక పక్క ఊపిరి ఆడదు. పైన గట్టు ఎత్తుగా ఉండడం, ముక్కు వంకరగా కనిపించడం, కొన వాలిపోవడం లేదా లావుగా ఉండడం, రంధ్రాలు వెడల్పు కావడం వంటి కారణాలతో శస్త్రచికిత్స కోరేవారు ఎక్కువ.

పద్ధతులు రెండు. మొదటిదానిలో కోతలన్నీ ముక్కు లోపలే ఉంటాయి. రెండవదానిలో రెండు రంధ్రాల నడుమ ఉన్న సన్నని చర్మపు స్తంభం మీద కూడా చిన్న గాటు పెట్టి, చర్మాన్ని పైకెత్తి లోపలి నిర్మాణాన్ని నేరుగా చూస్తూ పనిచేస్తారు. ఆ గాటు మచ్చ కాలక్రమంలో చాలామందిలో దాదాపు కనిపించకుండా పోతుంది. మొత్తం మత్తు ఇచ్చి చేసే ఈ శస్త్రచికిత్సకు సాధారణంగా ఒకటిన్నర నుంచి మూడు గంటలు పడుతుంది. ఎత్తుగా ఉన్న గట్టును చెక్కుతారు, ఎముకలను కదిలించి దగ్గరకు చేరుస్తారు, కొనలోని మృదులాస్థిని కుట్లతో మలుస్తారు. ముక్కు అణిగి ఉన్నవారికి ఎత్తు పెంచవలసి వస్తే ముక్కుదూలం నుంచి గాని, చెవి వెనుక నుంచి గాని, పక్కటెముక నుంచి గాని మృదులాస్థిని తీసి అమరుస్తారు. సిలికాన్ వంటి కృత్రిమ పదార్థాలనూ వాడతారు. కాని అవి ఏళ్ల తరువాత కూడా చీము పట్టడానికి, చర్మాన్ని చీల్చుకుని బయటకు రావడానికి అవకాశం ఉన్నది. రోగి సొంత మృదులాస్థికి ఆ భయం తక్కువ.

ఇక్కడ ఒక సత్యం గమనించాలి. వైద్యుడు మలిచేది లోపలి కట్టడాన్ని. దాని మీద కప్పుకునే చర్మం ఎవరిది వారిదే. దక్షిణాదిలో చాలామందికి ఉన్నట్లు ముక్కు చర్మం మందంగా ఉంటే లోపల ఎంత సన్నగా తీర్చినా పైకి అంత పదునుగా కనిపించదు. చర్మం బాగా పలుచనైతే లోపలి చిన్న ఎగుడుదిగుడు కూడా బయటపడుతుంది. అందువల్ల సినీతార చిత్రాన్ని చేతబట్టుకుని వెళ్లి అదే ముక్కు కావాలని అడగడం అవివేకం. తన ముఖానికి తగిన మెరుగును కోరవచ్చు గాని మరొకరి ముక్కును కోరలేము.

ఎవరికి తగును? ఎవరికి తగదు?

ముఖం ఎదుగుదల పూర్తి కాకముందు అందం కోసం కత్తి పట్టరాదు. సాధారణంగా ఆడపిల్లలకు పదిహేను, పదహారు ఏళ్ల వరకు, మగపిల్లలకు అంతకంటే ఒకటి రెండేళ్లు అదనంగా వేచి ఉండమంటారు. పెద్దలైనవారిలోనూ అదుపులో లేని రక్తపోటు, మధుమేహం, రక్తం గడ్డకట్టని వ్యాధులు ఉన్నవారు ముందు వాటిని సరిచూసుకోవాలి. పొగ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు, విటమిన్ ఇ, కొన్ని మూలికా మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి. ఏవేవి వాడుతున్నదీ దాచకుండా చెప్పి, ఏది ఎప్పుడు ఆపాలో వైద్యుని సలహాపైనే నిర్ణయించుకోవాలి. గుండె జబ్బుకు ఇచ్చిన మాత్రలను సొంతంగా ఆపడం ప్రమాదకరం. ముక్కుపుడక, ముక్కెర పెట్టుకునే స్త్రీలు ముందుగానే వాటిని తీసివేయవలసి ఉంటుంది. తిరిగి ఎప్పుడు పెట్టుకోవచ్చో కూడా అడిగి తెలుసుకోవాలి.

శరీర పరీక్షతో పాటు మనసు పరీక్ష కూడా అవసరం. ఇతరుల కంటికి కనిపించని లోపాన్ని పెద్దదిగా ఊహించుకుని నిత్యం అద్దం ముందు కుమిలిపోవడం ఒక మానసిక రుగ్మత. అటువంటివారికి ఎన్ని శస్త్రచికిత్సలు చేసినా తృప్తి కలగదు. వారికి కావలసినది మానసిక వైద్యుని సహాయం. సంబంధం కుదరాలనో, విడిచి వెళ్లినవారు తిరిగి రావాలనో, కుటుంబంలో ఒకరి బలవంతం వల్లనో వచ్చేవారిని అనుభవజ్ఞులైన వైద్యులు వెంటనే ఒప్పుకోరు. మరికొంతకాలం ఆలోచించుకోమని పంపివేస్తారు.

సెల్‌ఫోన్ చేసే మోసం కూడా తక్కువది కాదు. చేయి చాచి తీసుకునే సెల్ఫీలో కెమెరాకు అన్నింటికంటే దగ్గరగా ఉండేది ముక్కే. అమెరికా పరిశోధకులు 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం పన్నెండు అంగుళాల దూరం నుంచి తీసిన చిత్రంలో ముక్కు వెడల్పు, అయిదు అడుగుల దూరం నుంచి తీసినదానికంటే సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుంది. సెల్ఫీ చూసి ముక్కును ద్వేషించేవారు ముందుగా మరొకరి చేత అయిదడుగుల దూరం నుంచి ఫొటో తీయించుకుని చూడడం మేలు. దానికి కానీ ఖర్చు లేదు.

ఏడు రోజులు, ఏడాది

శస్త్రచికిత్స జరిగిన రోజునో, మరునాడో ఇంటికి పంపుతారు. ముక్కు మీద ప్లాస్టరు అచ్చు ఉంటుంది. లోపల దూది చుట్ట గాని, మెత్తని రేకు గాని ఉంటే నోటితోనే ఊపిరి తీసుకోవాలి. తీవ్రమైన నొప్పి కంటే ముక్కు దిబ్బడ, ముఖం బరువు ఎక్కువ బాధిస్తాయి. రెండు మూడు రోజులలో కళ్ల కింద వాపు, నల్లని కమిలిన మచ్చలు ఎక్కువవుతాయి. అద్దంలో చూసుకుని భయపడే రోజులివే. తల ఎత్తుగా ఉంచి పడుకోవాలి. ముక్కు చీదరాదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. బరువులు ఎత్తరాదు, తల కిందికి వంచరాదు.

సుమారు వారం రోజులకు అచ్చు తీసివేస్తారు. అప్పుడు కనిపించే ముక్కు అసలు ముక్కు కాదు, వాచిన ముక్కు. రెండు వారాలలో కమిలిన మచ్చలు చాలావరకు పోయి ఉద్యోగానికి వెళ్లగలుగుతారు. కళ్లద్దాలను నాలుగు నుంచి ఆరు వారాల వరకు ముక్కు మీద ఆనించరాదు. ముఖమంతా కప్పే హెల్మెట్ పెట్టుకునేటప్పుడు, తీసేటప్పుడు ముక్కుకు తగలకుండా జాగ్రత్త అవసరం. వ్యాయామం, ఈత, బంతి ఆటలకు మరికొంత వ్యవధి కావాలి. పుదుచ్చేరి వంటి సముద్రతీర పట్టణంలో ఎండ తీవ్రత ఎక్కువ. కొత్త చర్మం నల్లబడకుండా కొన్ని నెలలు ఎండకు దూరంగా ఉండాలి.

తుది రూపానికి ఓపిక పట్టవలసినది ఏడాది. మొదటి రెండు మూడు నెలలలో వాపు అధిక భాగం తగ్గినా ముక్కు కొన మెత్తబడి అసలు తీరుకు రావడానికి ఏడాది, మందపు చర్మం వారికి అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. కొన కొన్ని నెలలపాటు మొద్దుబారినట్లు ఉంటుంది. వచ్చే నెల ముహూర్తం పెట్టుకుని ఈ నెల శస్త్రచికిత్సకు పరుగెత్తడం అందువల్లనే తగదు.

తప్పు జరిగితే

ఏ శస్త్రచికిత్స అయినా ప్రమాదం లేనిది కాదు. రక్తస్రావం, చీము పట్టడం, మత్తు మందుకు వికటించడం అరుదుగా జరుగుతాయి. ముక్కుదూలానికి రంధ్రం పడితే లోపల పొక్కులు కట్టడం, ఊపిరి తీసుకునేటప్పుడు ఈల శబ్దం రావడం వంటి బాధలు ఉంటాయి. అన్నింటికంటే విచారకరమైనది అందం కోసం ఎముకను, మృదులాస్థిని అతిగా తీసివేయడం. ఆధారం పోయిన ముక్కు కొన్నేళ్లకు కుంగుతుంది, ఊపిరి మార్గం మూసుకుపోతుంది. చూడడానికి సన్నగా, శ్వాసకు ఇరుకుగా మారిన ముక్కు వైద్యంలో విజయం అనిపించుకోదు.

నటి ప్రియాంకా చోప్రా 2021లో వెలువరించిన ఆత్మకథలో తన అనుభవాన్ని దాచకుండా రాశారు. ముక్కు లోపలి కండను తొలగించేందుకు వెళితే పొరపాటున ముక్కు గట్టు దెబ్బతిని కుంగిపోయిందని, తరువాత మరికొన్ని శస్త్రచికిత్సలతో దాన్ని సరిచేయించుకోవలసి వచ్చిందని అందులో వెల్లడించారు. పేరు, ధనం ఉన్నవారికే ఇది తప్పలేదంటే సామాన్యులు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించవచ్చు.

మొదటి శస్త్రచికిత్స చేయించుకున్న ప్రతి వందమందిలో అయిదుగురి నుంచి పదిహేనుమంది వరకు రెండవసారి సవరణకు వెళతారని వైద్య గ్రంథాలు చెబుతాయి. రెండవది మొదటిదానికంటే కష్టం. అప్పటికే లోపల మచ్చ కట్టి ఉంటుంది. వాడుకోదగిన మృదులాస్థి తగ్గి ఉంటుంది. కనీసం ఏడాది ఆగిన తరువాతనే దాని జోలికి వెళ్లాలి.

కత్తి లేకుండా సూదితోనే ముక్కు దిద్దుతామనే ప్రకటనలు నేడు ఎక్కువయ్యాయి. చర్మం కింద జెల్ వంటి పదార్థాన్ని ఎక్కించి గుంటలను పూడ్చే ఈ పద్ధతి ముక్కును చిన్నది చేయలేదు. ఫలితమూ కొన్ని నెలల నుంచి ఏడాది, ఏడాదిన్నర వరకే. ముక్కు రక్తనాళాలకు కంటి రక్తనాళాలతో సంబంధం ఉన్నందున ఆ పదార్థం పొరపాటున నాళంలోకి పోతే చర్మం కుళ్లిపోవచ్చు. అరుదుగానైనా శాశ్వతంగా చూపు పోవచ్చు. బ్యూటీపార్లర్‌లో చేయించుకోవలసిన పని ఇది కాదు.

ఒకే ముక్కు, రెండు ఖాతాలు

ఖర్చు విషయానికి వస్తే ఆపద, కోరిక అనే తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. సౌందర్య శస్త్రచికిత్సను కేంద్ర ప్రభుత్వం మొదట 2009 సెప్టెంబరు 1 నుంచి సేవా పన్ను పరిధిలోకి తెచ్చింది. 2017 జులై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు వైద్య సేవలకు మినహాయింపు లభించింది. కాని జుట్టు మార్పిడికి, సౌందర్య శస్త్రచికిత్సకు ఆ మినహాయింపు లేదు. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో వచ్చిన వైకల్యం, గాయం లేదా ప్రమాదం వల్ల దెబ్బతిన్న శరీర నిర్మాణాన్ని, పనితీరును తిరిగి చక్కదిద్దేందుకు చేసేది అయితేనే పన్ను ఉండదు. మోటారు సైకిలు ప్రమాదంలో విరిగిన ముక్కును నిలబెట్టినందుకు పన్ను లేదు. బాగానే ఉన్న ముక్కును మరింత బాగుచేసినందుకు 18 శాతం పన్ను. లక్ష రూపాయల బిల్లు మీద అది పద్దెనిమిది వేలు.

ఆరోగ్య బీమా కూడా ఇదే బాటలో నడుస్తుంది. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల ప్రకారం రూపం మార్చుకునేందుకు చేసే చికిత్సకు బీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణానికి, లేదా ఆరోగ్యానికి తప్పనిసరి అని వైద్యుడు ధ్రువీకరించిన చికిత్సకు మాత్రం వర్తిస్తుంది. ఆయుష్మాన్ భారత్ పథకంలోనూ సౌందర్య చికిత్సలకు చోటు లేదు.

చిక్కు వచ్చేది రెండూ కలిసినప్పుడు. ముక్కుదూలం వంకర వల్ల ఊపిరి ఆడనివారు దాన్ని సరిచేయించుకుంటూ అదే మత్తులో పైనున్న గట్టును కూడా తగ్గించమని కోరడం సాధారణం. వైద్యపరంగా అది సబబే. అయితే బీమా సంస్థ దూలం సవరణకు మాత్రమే, అదీ నిరీక్షణ కాలం పూర్తయిన పాలసీలకే చెల్లిస్తుంది. పై మెరుగుకు అయ్యే ఖర్చు రోగి సొంతంగా భరించాలి. రెండింటికీ విడివిడిగా లెక్క రాయించుకుని, బీమా సంస్థ ముందస్తు అనుమతి పొందడం మంచిది. అందం కోసం చేసినదాన్ని ఊపిరి ఖాతాలో రాయించే ప్రయత్నం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. తప్పుడు వివరాలు బయటపడితే పాలసీకే ముప్పు.

ఆసుపత్రి చెప్పే మొత్తంలో ఏమేమి కలిసి ఉన్నాయో రాతపూర్వకంగా అడగాలి. శస్త్రవైద్యుని రుసుము, మత్తు వైద్యుని రుసుము, ఆపరేషన్ థియేటర్, గది అద్దె, పరీక్షలు, మందులు, పన్ను వేర్వేరుగా ఉంటాయి. దూర ప్రాంతాల నుంచి వచ్చేవారికి పది రోజుల బస, అచ్చు తీయించుకునేందుకు, తరువాతి పరీక్షలకు మళ్లీ మళ్లీ చేసే ప్రయాణం అదనం. రెండవ సవరణ అవసరమైతే దాని ఖర్చు ఎవరిదన్న ప్రశ్నను మొదటి శస్త్రచికిత్సకు ముందే వేయాలి.

కత్తి ఎవరి చేతిలో?

ముక్కు సవరణ చేసేందుకు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ పట్టం ఉన్నవారు గాని, ఈ పనిలో ప్రత్యేక శిక్షణ పొందిన చెవి ముక్కు గొంతు శస్త్రవైద్యులు గాని అర్హులు. కాస్మెటాలజిస్టు అన్న బోర్డు కత్తి పట్టడానికి అర్హత పత్రం కాదు. జుట్టు మార్పిడి, సౌందర్య ప్రక్రియలపై జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు జారీచేస్తూ, వర్క్‌షాపులలోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ అనిపించుకోదని హెచ్చరించింది. వైద్యుని పేరు, నమోదు సంఖ్య వైద్య మండలి జాబితాలో ఉన్నదీ లేనిదీ ఎవరైనా సరిచూసుకోవచ్చు.

వైద్యుని నైపుణ్యంతో పాటు ఆసుపత్రి సన్నద్ధత కూడా ముఖ్యం. 2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరికి చెందిన ఒక యువకుడు బరువు తగ్గించే శస్త్రచికిత్స కోసం చెన్నై ప్రాంతంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి ప్రాణాలు కోల్పోయాడు. తమిళనాడు ఆరోగ్యశాఖ విచారణ జరిపి ఆ ఆసుపత్రి నమోదును తాత్కాలికంగా నిలిపివేసింది. అది ముక్కు శస్త్రచికిత్స కాదు. కాని ఆరోగ్యంగా నడిచి వెళ్లినవారు కోరి చేయించుకునే ప్రతి శస్త్రచికిత్సకు ఆ పాఠం వర్తిస్తుంది. మత్తు వైద్యుడు చివరిదాకా ఉంటారా, ఇంటెన్సివ్ కేర్ వసతి ఉన్నదా, లేకుంటే అత్యవసరంలో ఎక్కడికి తరలిస్తారు అనే ప్రశ్నలు అడగడం రోగి హక్కు. పుదుచ్చేరిలో వైద్య సంస్థలు 2010 నాటి కేంద్ర చట్టం కింద నమోదు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థలకు 2002 నాటి రాష్ట్ర చట్టం ఉన్నది.

సంతకం పెట్టే ముందు అంగీకార పత్రాన్ని చదవాలి. చదవలేని భాషలో ఉంటే చదివించుకుని, అర్థం చేసుకున్న తరువాతనే సంతకం చేయాలి. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు రోగికి తగినంతగా వివరించిన తరువాత పొందినదే నిజమైన అంగీకారమని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని 1995లోనే వి.పి. శాంత కేసులో తీర్పు చెప్పింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులకు మాత్రం ఆ చట్టం వర్తించదు. నిర్లక్ష్యం జరిగిందని భావించినవారు రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అయితే ఊహించుకున్నంత అందం రాలేదన్నంత మాత్రాన అది నిర్లక్ష్యం కాబోదు. ముందుగా తీసిన ఫొటోలు, రాతపూర్వక ఒప్పందం, బిల్లులు దాచుకున్నవారికే న్యాయస్థానంలో బలం.

అడగవలసిన ప్రశ్నలు

శస్త్రచికిత్సకు నిర్ణయించుకున్నవారు వైద్యుని ముందు ఉంచవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. నా ముక్కులో లోపం ఊపిరిదా, రూపానిదా? నా చర్మానికి ఎంత మెరుగు సాధ్యం? ఎంత అసాధ్యం? ఇటువంటి ముక్కులు మీరు ఎన్ని చేశారు? వాటి ఏడాది తరువాతి ఫొటోలు చూపగలరా? కంప్యూటర్‌లో చూపే బొమ్మ హామీనా, అంచనానా? అసంతృప్తి మిగిలితే దారి ఏమిటి? వీటికి ఓపికగా జవాబు చెప్పే వైద్యుడు దొరికితే సగం చికిత్స అయినట్లే. నూటికి నూరు శాతం హామీ ఇచ్చేవారికి, పండుగ రాయితీ ప్రకటించేవారికి దూరంగా ఉండడం క్షేమం.

నేర్పరి చేతిలో ముక్కు సవరణ వల్ల వంకర తగ్గుతుంది, ఊపిరి సాఫీ అవుతుంది, ముఖానికి పొందిక వస్తుంది. చాలామంది తృప్తితోనే తిరిగి వెళతారు. కాని అది జాతకాన్ని మార్చదు, సంసారాన్ని చక్కదిద్దదు, ఉద్యోగం ఇప్పించదు. ముఖంలో మార్పు కంటే జీవితంలో మార్పును ఆశించి వెళ్లినవారే ఎక్కువగా నిరాశపడతారు. ముక్కు ఉన్నది ముందు ఊపిరి పీల్చుకోవడానికి, ఆ తరువాతనే మురిసిపోవడానికి. ఆ వరుసను మరువని వైద్యుని, మరువని రోగిని కత్తి నిరాశపరచడం అరుదు.